ఒంటికి ఆనని అద్దం

అద్దాలాయన గీత గీస్తే గాజు మాట వింటుందని బజారులో పేరు. ఆ గురువారం మాత్రం వినలేదు. కట్టర్‌ను కిరసనాయిల్లో ముంచి, స్కేలు ఆనించి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క ఊపున లాగాడు. పలకను బల్ల అంచుకు జరిపి రెండు బొటనవేళ్లతో నొక్కాడు. గీత వెంట తిన్నగా విరగాల్సిన గాజు సగం దూరం బుద్ధిగా వచ్చి, అక్కడ మనసు మార్చుకుని మూలకు పోయింది. ఆ వారంలో అలా పాడైన పలక అదొక్కటే కాదు. ముక్కల్ని డబ్బాలో వేసి, బల్ల మీది గొంగళిని బ్రష్షుతో ఊడ్చి, ఇంకో పలక పరిచాడు.

పటం కట్టించుకోవడానికి వచ్చిన రిటైర్డు గుమాస్తా స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు.

"ఆపరేషన్ ఎప్పుడన్నారు?"

"సోమవారం."

"పాపం. దెబ్బ గట్టిగానే తగిలుంటుంది."

"గట్టిగానే తగిలిందండి," అని ఒప్పుకున్నాడు అద్దాలాయన.

ఎవరడిగినా అలాగే ఒప్పుకుంటున్నాడు. ఒప్పుకోకపోవడానికి ఏముంది? వానలు పడే రోజుల్లో దర్జీ షాపుకి నిలువుటద్దం మోశారు. ఆయన ముందు, భార్య వెనక. మెట్ల మలుపులో అద్దం ఒక్కసారి ఊగి, చెక్క ఫ్రేము మూల వెళ్లి ఆమె ఎడమ రొమ్ముకు కొట్టుకుంది. కమిలి నీలంగా తేలింది. నీలం తగ్గాక కింద గట్టిగా ఏదో మిగిలింది. అది తగ్గలేదు. పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. దెబ్బ ఉంది, దెబ్బ తగిలిన చోటే జబ్బు ఉంది, అద్దానికి రెండో చివర పట్టుకున్న మనిషి ఇంకా దుకాణంలో తిరుగుతున్నాడు. బజారుకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు గానీ, కాకులు మాత్రం రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుంటూనే ఉన్నాయి.

అడగాల్సిన చోట ఆయన అడిగాడు. "దెబ్బ తగిలితే వస్తుందా అండీ ఇది?" అంటే డాక్టరమ్మ, "దెబ్బకి రాదండీ. ఇంత గడ్డ తయారవడానికి ఏళ్లు పడుతుంది. దెబ్బ తగిలిందని చెయ్యి పెట్టి చూసుకుంటారు, అప్పుడు దొరుకుతుంది. కాకి వాలిందని తాటిపండు పడదు కదా," అంది. కాకపోతే మందుల చీటీ రాసుకుంటూ, తల ఎత్తకుండా అంది. తలెత్తి చెప్పి ఉంటే ఆయన నమ్మేవాడేమో. బయటికొచ్చాక వదిన, "డాక్టర్లు ధైర్యానికి వంద చెప్తారు. మనకు కళ్లు లేవా?" అంది. ఆయనకి ఈ మాటే నిజమనిపించింది. తప్పు చేశాననుకున్న మనిషి, వదిలేసేవాళ్ల మాటకన్నా శిక్ష వేసేవాళ్ల మాటే ముందు నమ్ముతాడు.

వదిన అంటే ఆయన భార్యకి అక్క. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. రెండొందల మంది పిల్లల్ని ఒక్క దగ్గుతో నిద్రపుచ్చగలదని చెప్పుకుంటారు. ఇంట్లో వాళ్ల మీద కూడా ఆ దగ్గు బాగానే పనిచేస్తుంది. ఆ గురువారం మధ్యాహ్నం బ్యాగుతో దిగింది. ఇంట్లోకి దుకాణంలో నుంచే దారి కాబట్టి మరిది ముందు నుంచే లోపలికి వెళ్లాలి. వెళ్తూ, "వచ్చాను," అంది. ఆయన కట్టర్ పక్కన పెట్టి వెనకే వెళ్లాడు.

లోపల ఆయన భార్య పాత పేపర్లు మడతపెడుతోంది. పలకకీ పలకకీ మధ్య పెట్టడానికి అవి కావాలి. ఎవరూ చెయ్యమనలేదు, వద్దన్నా మానడం లేదు.

"డిశ్చార్జి అవగానే దీన్ని నా క్వార్టర్స్‌కి తీసుకుపోతా," అంది వదిన, చెప్పులు విప్పీ విప్పకముందే. "ఇంజెక్షన్లూ అవీ అయ్యేదాకా నా దగ్గరే ఉంటుంది."

"ఇక్కడ నేను చూసుకుంటాను వదినా. దుకాణం మూసేసైనా సరే."

"చూసుకున్నావుగా, చాలు! నువ్వు చూసుకుంటేనే ఇంతదాకా వచ్చింది."

ఆయన భార్య వంక చూశాడు. నేనెక్కడికీ రాను, మా ఇంట్లోనే ఉంటాను అని ఒక్క మాట అంటుందని చూశాడు. ఆమె పేపరు అంచు మీద గోరుతో గీసి, మడత పదునుచేసి, దొంతరలో పెట్టి, ఇంకో పేపరు తీసుకుంది. ఇరవై ఏళ్లకు పైగా ఒకే అద్దానికి చెరోవైపు నడిచిన మనిషి. వదిన తిట్టినందుకు కాదు, ఆమె మాట్లాడనందుకు ఆయనకి కష్టమనిపించింది. ఆమెను పంపించేసి ఆ ఇంట్లో ఒక్కడూ ఎలా ఉండాలో ఆయనకి తెలీదు. తిరిగి దుకాణంలోకి వచ్చి ఇంకో పలక పాడుచేశాడు.

మర్నాడు శుక్రవారం పళ్ల డాక్టరు క్లినిక్‌లో గాజు అడ్డుగోడ బిగించాలి. ఆ మాట ఎప్పుడో ఇచ్చాడు. వెనక పట్టేవాళ్లు లేరు. పక్క కొట్టు వడ్రంగి, "నేను లేనూ? తలుపులు మోసేవాణ్ణి, నీ గాజుముక్క మొయ్యలేనా?" అని లుంగీ ఎగ్గట్టాడు. మంచి మనిషే. దెబ్బ సంగతి సగం బజారుకి చేరవేసింది ఆయనే అయినా, అది కూడా మంచితనంతోనే చేశాడు.

చేతులకి తోలు తొడుగులు ఒక జత ఇచ్చి, ఒక జత వేసుకుని, ఎలా పట్టుకోవాలో చెప్పాడు అద్దాలాయన. గాజుని పడుకోబెట్టి మొయ్యకూడదు, దాని బరువుకే అది విరుగుతుంది. అంచు మీద నిలబెట్టి మొయ్యాలి. ఒక అరచెయ్యి కింద, ఒకటి పక్కన. పలకని భుజానికీ రొమ్ముకీ ఆనించుకోవాలి. ఆనించుకుంటే మనిషీ గాజూ కలిసి నడుస్తాయి. ఎక్కడ తగులుతుందోనని దూరంగా పట్టుకుంటే అది ప్రతి అడుక్కీ ఊగుతుంది, ఊగి ఊగి ఎవర్నో ఒకర్ని కొడుతుంది. కొత్తవాళ్లంతా దూరంగానే పట్టుకుంటారు.

"ముందువాడు దారి చూస్తాడు. వెనకవాడు గాజుని చూస్తాడు. అంతే," అన్నాడు.

"పెద్ద విద్యే," అన్నాడు వడ్రంగి.

వీధి మొదట్లోనే ఆయన చేతులకి ఊపు తెలిసింది. వెనక్కి తిరిగి చూడనక్కర్లేదు, రెండో చివర ఏం జరుగుతోందో గాజే చెబుతుంది. ఎడమ అడుగు పడ్డప్పుడల్లా పలక చిన్నగా పక్కకి జరిగి మళ్లీ చోటికి వస్తోంది.

"ఒంటికి ఆనించు," అన్నాడు.

"ఆనించా."

"ఆనించలేదు. ఊగుతోంది."

"ఎట్లా ఆనించమంటావయ్యా బాబూ! చంకలో సెగగడ్డ లేచింది. తగిల్తే ప్రాణం జివ్వుమంటోంది. మోస్తున్నాను కదా, నడువు నువ్వు."

అద్దాలాయన నడవలేదు. వీధి మధ్యలో, గాజు పట్టుకుని, అలాగే నిలబడిపోయాడు. సైకిలు మీద పోతున్నవాడు గంట కొట్టి, తిట్టి, చుట్టు తిరిగి వెళ్లాడు.

"ఏంటి, దింపుదామా?" అన్నాడు వెనక నుంచి వడ్రంగి.

ఆ ఊపు ఆయనకి కొత్త కాదు. దర్జీ షాపు మెట్ల మీద అచ్చం ఇదే వచ్చింది. అక్కడొక్క చోటే అయితే చెయ్యి జారిందనుకోవచ్చు. స్కూలు కిటికీలు మార్చినప్పుడూ వచ్చింది. కంటి డాక్టరు షోకేసుకి పలకలు మోసినప్పుడూ వచ్చింది. "ఏమే, నిద్రపోతున్నావా? ఒంటికి ఆనించు," అని ఆయన విసుక్కోవడం, "ఆనించానండీ," అని ఆమె వెనక నుంచి అనడం గుర్తొచ్చాయి. అప్పటికింకా వానలు రాలేదు. స్కూలుకి సెలవులు, మంచి ఎండలు. అద్దం ఆనించడం ఆయనకే నేర్పగల మనిషి ఎండాకాలంలో ఎడమవైపు నుంచి గాజుని దూరంగా పెట్టి మోసింది.

"నడుస్తున్నా," అన్నాడు అద్దాలాయన.

అడ్డుగోడ బిగించాడు. గాడిలో రబ్బరు పెట్టి, పలక కూర్చోబెట్టి, మట్టం చూసి, అంచుల్లో జిగురు నింపి వేలితో నున్నగా లాగాడు. పని శుభ్రంగా వచ్చింది. తిరిగొచ్చే దారిలో వడ్రంగి సెగగడ్డకి ఏ ఆకు కడితే పగులుతుందో చెబుతూనే ఉన్నాడు. ఆయనకి ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఇంటికొచ్చేసరికి వదిన మందుల షాపుకి వెళ్లింది. భార్య దుకాణం వెనక వరండాలో కూర్చుని, ఒళ్లో చిన్న అద్దం పెట్టుకుని సానరాయితో అంచు అరగదీస్తోంది. కోసిన అంచు వేలు తెగకుండా నున్నగా చెయ్యడం ఎప్పుడూ ఆమె పనే. రాయిని నీళ్లలో ముంచడం, ఏటవాలుగా ఒకే వైపు లాగడం, తుడిచి బొటనవేలితో చూడడం. ఆయన ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నాడు.

"వడ్రంగికి చంకలో సెగగడ్డంట," అన్నాడు. "అద్దం ఒంటికి ఆనించలేకపోయాడు. దారంతా ఊగింది."

రాయి ఆగిపోయింది. ఆమె తల ఎత్తలేదు.

"ఎప్పటి నుంచి?" అని అడిగాడు.

ఆమె రాయిని నీళ్లలో ముంచి తీసింది. ఆ తర్వాత, "ఎండలు మొదలైనప్పుడు," అంది. "స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. శనగగింజంత."

"నొప్పా?"

"నొప్పేం లేదు. ఒత్తుకుంటే పెరుగుతుందని భయం. దెబ్బ తగిలిందంటే లేస్తుందంటారు కదా. అందుకని ఏదీ తగలనిచ్చేదాన్ని కాదు. అద్దం కూడా." ఆమె నవ్వబోయి మానేసింది. "తగలకూడదని దూరంగా పట్టుకుంటే, అదే వచ్చి తగిలింది."

"నాకు చెప్పలేదేం?"

"అమ్మకీ ఇట్లాగే మొదలైంది. అప్పుడు నేనూ అక్కా చూశాం కదా, చివరిదాకా. చెప్తే నిజమైపోతుందనిపించింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నా. ఆ రోజు మెట్ల మీద దెబ్బ తగిలినప్పుడు, నిజం చెప్పమంటారా, మనసు తేలికపడింది. ఇక దెబ్బ పేరు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు అనుకున్నా. తర్వాత అందరూ మిమ్మల్ని అనడం మొదలుపెట్టారు. అప్పుడు చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు దాచావని నన్నంటారు."

అద్దాలాయనకి కోపం వచ్చింది. జాలి కాదు, ముందు కోపమే వచ్చింది. నిద్రలేని రాత్రులు, సరిగ్గా విరగని పలకలు, స్టూలు మీద కూర్చున్న ప్రతివాడి ముందూ వంచిన తల, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"నేను నిన్ను చంపుతున్నాననుకున్నానే," అన్నాడు. "రోజూ అనుకున్నాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

"ఊరుకున్నాను," అంది ఆమె.

చూడకుండానే మళ్లీ రాయి లాగబోయింది. అద్దం అంచు ఇంకా పదునుగానే ఉంది, తెగుతుందని ఆయన అద్దం తీసి కింద పెట్టాడు. కోపం ఉంది గానీ, దాన్ని పెట్టుకోవడానికి చోటు లేదు. సోమవారం దగ్గర పడుతోంది.

"మీ అక్కకి తెలుసా?"

"తెలిస్తే ఇంకేమన్నా ఉందా? ఏటా పరీక్ష చేయించుకోమని చెవిలో జోరీగలా పోరేది. చేయించుకున్నా, బాగానే ఉందన్నారు అని ఏటా అబద్ధం చెప్పా."

"మరి ఆవిడ చేయించుకుందా?"

"అడిగితే, నాకేం, గుండ్రాయిలా ఉన్నా అంటుంది."

వీధి తలుపు చప్పుడైంది. వదిన వస్తోంది. ఆయన లేచి పీట పక్కకి నెట్టాడు.

"చెప్పకు," అన్నాడు తగ్గు గొంతుతో. "నా మీదే ఉండనీ. ఎట్లాగూ అలవాటైంది. ఆపరేషన్ ముందు నువ్వు తిట్లు తినడం దేనికి?"

ఆమె తల ఊపింది. ఆ ముఖంలో ఊరట కనిపించింది. ఆ ఊరట చూసి ఆయనకి మళ్లీ కొంచెం కోపం వచ్చింది. మాట ఇచ్చేశాడు కాబట్టి దాన్ని అలాగే మింగేశాడు.

ఆదివారం సాయంత్రం ఆసుపత్రిలో చేరాలి. పొద్దున్నే వదిన రెండు బ్యాగులు సర్దడానికి కూర్చుంది. ఒకటి ఆసుపత్రికి, రెండోది క్వార్టర్స్‌కి. చీరలు పరుపు మీద పోసి, ఏది నూలో, ఏది మెత్తనో చేత్తో నలిపి చూసి విడదీస్తోంది. ముందు బొత్తాలుండే జాకెట్లు వేరే పెట్టింది, చెయ్యి పైకెత్తలేదు కదా అని. అంత జాగ్రత్తగా ఆలోచించే మనిషిని చూస్తే తిట్లు కూడా తీసిపారెయ్యలేం. చెల్లెలు మంచం చివర కూర్చుంది. అద్దాలాయన గుమ్మంలో నిలబడి, "ఇంకేమన్నా తేవాలా వదినా?" అన్నాడు.

"నువ్వేం తేవద్దులే. తెచ్చింది చాలు." వదిన ఇంకో చీర మడత విప్పింది. "బంగారంలాంటి పిల్ల. అద్దాలు మోయించావు, మెట్లు ఎక్కించావు. ఆ దెబ్బే తగలకపోతే దీనికి ఈ రోగం వచ్చేదా? మా ఇంట్లో ఎవరికుంది? అమ్మదంటే వేరు, అది పెద్దవయసు. నాకేమన్నా వచ్చిందా? నేను దీనికంటే ఆరేళ్లు పెద్ద. దెబ్బ తగిలింది కాబట్టే దీనికొచ్చింది. నాకెందుకొస్తుంది?"

మొదటి మాటలకి ఆయన అలవాటుగా తల వంచుకున్నాడు. చివరి మాటలకి తల ఎత్తాడు. వదిన చీర మడతపెడుతూ ఎవరితోనో వాదిస్తున్నట్టు అంటోంది, ఆయనతో కాదు. ఇన్నాళ్లూ ఆవిడ తనని తిడుతోందనుకున్నాడు. ఆవిడ తననొక తలుపులా అడ్డం పెట్టుకుని వెనక నిలబడి ఉందని అప్పుడు తెలిసింది. దెబ్బే కారణమైతే ఆ రోగం ఈ ఇంట్లో ఆగిపోతుంది. దెబ్బ కాకపోతే దాని తర్వాతి మజిలీ ఎక్కడో ఆవిడకి తెలుసు. అందుకే డాక్టరు మాట చెవిన వేసుకోలేదు. తప్పంతా తన నెత్తిన వేసుకుని తానేదో మేలు చేస్తున్నాననుకున్నాడు. వేసుకున్నంతకాలం ఈవిడ పరీక్ష గది గుమ్మం తొక్కదు.

భార్య వంక చూశాడు. ఆమె అప్పటికే ఆయన వంక చూస్తోంది. ఆమెకీ అదే తట్టినట్టుంది.

"వదినా," అని మొదలుపెట్టాడు.

"మీరుండండి," అంది భార్య. మోత పనిలో, మలుపు దగ్గర అనే గొంతు అది. "అక్కా, దెబ్బ వల్ల గడ్డ రాలేదు. గడ్డ వల్లే దెబ్బ తగిలింది."

"ఏం మాట్లాడుతున్నావే?"

"ఎండాకాలం నుంచీ ఉంది. నాకు తెలుసు. ఒత్తుకుంటుందని అద్దాన్ని దూరంగా పట్టుకునేదాన్ని. దూరంగా పట్టుకుంటే ఊగింది, ఊగి తగిలింది. ఈయన చేతిలో ఏ పొరపాటూ లేదు."

వదిన చీర మడత సరిచేసింది. అంచూ అంచూ కలవలేదు. విప్పి మళ్లీ మొదటి నుంచి పెట్టింది.

"పోయినేడు చేయించుకున్నానన్నావు."

"అబద్ధం చెప్పా."

"అంతకు ముందేడు?"

"అదీ."

ఆవిడ చెల్లెలి చెంప మీద కొడుతుందనుకున్నాడు అద్దాలాయన. మధ్యలోకి వెళ్లడానికి ఒక అడుగు కూడా వేశాడు. ఆవిడ కొట్టలేదు. మంచం మీద చీరలు పక్కకి జరిపి, చెల్లెలి పక్కన కూర్చుంది. ఇద్దరి మోకాళ్లూ తగులుతున్నాయి.

"నువ్వు కూడా చేయించుకో అక్కా," అంది చెల్లెలు.

"నోరు మూసుకో," అంది వదిన. అని లేచి, వంటింట్లోకి పోయి, తోమిన గిన్నెలన్నీ మళ్లీ తోమింది.

ఆ సాయంత్రం ఆసుపత్రికి ఒక్క బ్యాగే వెళ్లింది. రెండోది సగం సర్ది మంచం మీదే ఉండిపోయింది.

సోమవారం ఆపరేషన్ గది బయట మరిదీ వదినా ఒకే బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు. ఆయన టీ తెచ్చి ఇస్తే ఆవిడ తీసుకుంది, తాగలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరూ లేచారు, వేరేవాళ్ల కోసమని తెలిసి ఇద్దరూ కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ వచ్చింది. గడ్డ తీసేశామంది, చంకలో గ్రంథులు కూడా తీసి పరీక్షకి పంపామంది. ఆ ఫలితాన్ని బట్టి ఎన్ని ఇంజెక్షన్లో చెబుతామంది. బాగైపోతుందని అనలేదు, కాదనీ అనలేదు. ఈసారి తల ఎత్తే చెప్పింది.

మర్నాడు వార్డులో ఆయన భార్యకి పూర్తిగా తెలివొచ్చింది. చంక కింద నుంచి గొట్టం, ఛాతీకి కట్టు. పెదాలు ఎండిపోయాయి. ఆయన దూది తడిపి అద్దుతుంటే, "మనింటికే పోదాం," అంది. ఆయన వదిన వంక చూశాడు. వదిన కిటికీలో నుంచి బయటికి చూస్తూ, "ఇంటికే పోతుంది. నేనే సెలవు పెట్టి వస్తా," అంది. ఆ మాటకి ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. దూది గిన్నెలో పెట్టే మిషతో వంగాడు.

భార్య మళ్లీ నిద్రలోకి జారాక వదిన చేతిసంచి భుజాన వేసుకుంది.

"మరిదీ, కిందికి వస్తావా కాస్త?"

క్యాంటీన్‌కేమో అనుకుని వెనకే నడిచాడు. ఆవిడ క్యాంటీన్ దాటింది. మందుల కిటికీ దాటింది. నడవా చివర రొమ్ము పరీక్షలు చేసే గది ముందు ఆగింది. అక్కడున్న ఆడవాళ్లంతా ఆయన వంక చూశారు. ఆయన గోడకి ఆనుకుని నేల చూపులు చూశాడు. ఆవిడ పొమ్మనలేదు.

బల్ల దగ్గరున్న నర్సు వయసు అడిగింది. ఇంతకు ముందెప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నారా అంది. లేదంది వదిన.

"మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అమ్మా?"

రెండొందల మందిని దగ్గుతో నిద్రపుచ్చే మనిషి చిన్నగా దగ్గింది. వెనక్కి తిరిగి మరిది వంక చూసింది. ఆయన తల ఎత్తి ఆవిడ వంకే చూశాడు.

"మా అమ్మకి," అంది వదిన. చీర కొంగు వేళ్లకి చుట్టుకుంది. "మా చెల్లికి."

నర్సు తల ఊపి, లోపలికి వెళ్లమని తలుపు చూపించింది.

"దెబ్బలేం తగల్లేదు," అంది వదిన, ఆమె అడగకపోయినా. "ఎవరికీ."

చేతిసంచి భుజం మీద నుంచి తీసి మరిది చేతికిచ్చి లోపలికి వెళ్లింది. ఆయన బెంచీ మీద ఆడవాళ్లు జరిగి ఇచ్చిన చోట, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.